ఒకే పెట్టెనా, ఒక్కో పెడలా?

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ మాట వినపడుతుంది: "నాన్నా, నాకు పెడల్ కావాలి." గిటార్ కొనిచ్చి ఏడాది తిరగకముందే మళ్లీ ఈ ఖర్చేమిటని మీకు అనిపించడం సహజం. సరే, కనుక్కుందామని దుకాణానికి వెళ్తే అక్కడ రెండు రకాల సరుకు చూపిస్తారు. ఒకవైపు అరచేతిలో పట్టే రంగురంగుల లోహపు డబ్బీలు. ఒక్కోటి చేసేది ఒక్కటే పని, దేని ధర దానిదే. ఇంకోవైపు చిన్న తెర, వరసగా మీటలు ఉన్న పెద్ద పెట్టె. అందులో వందలాది శబ్దాలున్నాయంటారు; ధర అడిగితే రెండు మూడు డబ్బీల ధరే చెబుతారు. లెక్క తెలిసినవాళ్లెవరికైనా పెట్టే మేలనిపిస్తుంది. మీ వాడు మాత్రం ఆ నారింజ రంగు డబ్బీ దగ్గరే నిలబడి కదలడు.

గిటార్ నేర్పే పనిలో ఉన్నందువల్ల ఈ ప్రశ్న తల్లిదండ్రుల నుంచి నాకు తరచూ ఎదురవుతుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కొనే వస్తువు గురించి ఆలోచించేముందు మీ పిల్లలు ఎక్కడ వాయిస్తారో చూడండి. ఎవరితో వాయిస్తారో కనుక్కోండి. ఏ శబ్దం కోసం వెతుక్కుంటున్నారో కూర్చోబెట్టి అడగండి. ఈ మూడింటికీ జవాబు దొరికితే పెట్టెనా, పెడలా అన్నది దాదాపు తేలిపోయినట్టే.

దానికంటే ముందు ఒక అనుమానం తీర్చాలి. "వాయించడం సరిగ్గా వస్తే ఈ హంగులన్నీ ఎందుకండీ?" అని చాలామంది అడుగుతారు. వీణ విషయంలోనో వయొలిన్ విషయంలోనో అయితే ఆ ప్రశ్న సబబే. ఎలక్ట్రిక్ గిటార్ సంగతి వేరు. చాలా ఎలక్ట్రిక్ గిటార్లు గట్టి చెక్క పలకతో చేసినవి, లోపల బోలు ఉండదు. అందుకే తీగ మీటితే పక్క గదిలోకి కూడా వినపడదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ చుట్టిన పికప్ ఉంటుంది. ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో చిన్నపాటి విద్యుత్తు పుడుతుంది. అది కేబుల్ గుండా ఆంప్లిఫయర్‌కు (ఆంప్‌కు) చేరి, బలం పుంజుకుని, స్పీకర్ నుంచి శబ్దంగా బయటికి వస్తుంది. దారిలో ఆ విద్యుత్తును మలిచేదే పెడల్. గిటార్, పెడల్, ఆంప్ కలిస్తేనే అది పూర్తి వాద్యం అవుతుంది. కాబట్టి పెడల్ అడిగిన పిల్లలు ఆటబొమ్మ అడుగుతున్నారని అనుకోకండి. తమ వాద్యంలో మిగిలిన భాగం అడుగుతున్నారు.

ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ గరగరమనే డిస్టార్షన్ శబ్దం. దాని పుట్టుక తెలిస్తే కొంత ఓర్పు వస్తుందని నా నమ్మకం. 1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వర్రీ' అనే పాట విడుదలైంది. నాష్‌విల్ స్టూడియోలో దాన్ని రికార్డు చేస్తుండగా మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడైంది. దాంతో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ చీలిపోయినట్టు, గరగరమంటూ రికార్డయింది. ఆ భాగాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. జనానికి నచ్చింది. పొరపాటున పుట్టిన ఆ శబ్దాన్ని కాలితో నొక్కి కావాలన్నప్పుడు తెప్పించుకునేలా 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'సాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక ఆ శబ్దం ప్రపంచమంతా తిరిగింది. మీ అమ్మాయి గదిలోంచి వచ్చే మోతకు ఇంత చరిత్ర ఉంది.

విద్యుత్తు కూడా వాద్యంలో భాగమేనని చెప్పడానికి మన దగ్గరా సాక్ష్యం ఉంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించారు. మామూలు మాండొలిన్‌లో మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలబడాలి. ఆ నిలుపును ఆయనకు విద్యుత్తు ఇచ్చింది. సంప్రదాయమెరిగిన పెద్దలు ఆ వాద్యాన్ని ఆదరించారు.

ఇక మొదటి ప్రశ్న, ఎక్కడ వాయిస్తారన్నది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దుకాణాల్లో దీన్ని ఎవరూ అడగరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించే పిల్లలకు దొరికే చోట్లు తక్కువే. ఇంట్లో తమ గది. ఆదివారం చర్చి ఆరాధన. కాలేజీ ఫెస్ట్. పెళ్లిళ్లకు, ఉత్సవాలకు పాడే ఆర్కెస్ట్రా. ఇప్పుడు కొత్తగా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే రికార్డింగ్. కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనూ హైదరాబాద్‌లోనూ ఎంతోమంది గిటారిస్టులకు చేయి తిరిగింది చర్చిలోనే. ఈ చోట్లలో చాలావాటికి ఒక పోలిక ఉంది: అక్కడ గిటార్ ఆంప్ ఉండదు. హాలు స్పీకర్లకు శబ్దం పంపే మిక్సర్ ఉంటుంది. సౌండ్ చూసుకునే ఆయన ఒక కేబుల్ చేతికిచ్చి "దీనికి పెట్టు బాబూ" అంటాడు.

చిక్కంతా అక్కడ మొదలవుతుంది. గిటార్ ఆంప్‌లోని స్పీకర్ అన్ని శబ్దాలనూ సమానంగా పలికించదు. సుమారు అయిదు వేల హెర్ట్జ్ దాటిన సన్నటి కీచు శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. డిస్టార్షన్ పెడల్ ఆ ఆంప్‌లో నిండుగా, గంభీరంగా వినపడేది ఆ వడపోత వల్లనే. అదే పెడల్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపితే వడపోత ఉండదు, కీచుదనమంతా హాలు స్పీకర్లలోకి పోయి చెవులు కోస్తుంది. దుకాణంలో ఆంప్‌లో విని ముచ్చటపడి కొనుక్కున్న పెడల్ చర్చిలో అలా అరిస్తే, పిల్లలు లోపం తమ చేతిలో ఉందనుకుంటారు. చెప్పేవాళ్లు లేక నెలల తరబడి కుంగిపోయిన పిల్లలను చూశాను. లోపం వాళ్లది కాదని ఒక్క మాట చెబితే ఆ ముఖాల్లో ఎంత తేడా వస్తుందో!

దుకాణంలో చూసిన ఆ పెద్ద పెట్టె, అంటే మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె, ఈ చిక్కును విప్పుతుంది. అందులో ఆంప్ ఎలా ప్రవర్తిస్తుందో, దాని స్పీకర్ శబ్దాన్ని ఎలా వడకడుతుందో లెక్కలు కట్టి ఒక చిప్‌లో పెడతారు. స్పీకర్‌ను అనుకరించే ఈ ఏర్పాటును క్యాబ్ సిమ్యులేషన్ అంటారు. మిక్సర్‌కు పెట్టినా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా గిటార్ గిటార్‌లాగే వినపడేది దీనివల్లనే. విడి పెడళ్లకూ ఈ పని చేసే ప్రత్యేక డబ్బీలు దొరుకుతాయి, కానీ అది ఇంకో ఖర్చు. అందుకే మీ పిల్లలు వాయించేది చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తోనో అయితే, ఇంట్లో మంచి ఆంప్ లేకపోతే, తడుముకోకుండా చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె కొనమని చెబుతాను. బాస్ కంపెనీ జీటీ-1, జూమ్ కంపెనీ జీ1 ఫోర్ లాంటివి ఈ తరగతివి. ఇవి నాలుగు ఏఏ సెల్స్‌తో కూడా నడుస్తాయి, కరెంటు పోయినా సాధన ఆగదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకైతే హెడ్‌ఫోన్స్ సౌకర్యం ఒక్కటే చాలు, ఈ నిర్ణయం తీసుకోవడానికి. పక్కింటి పసిపిల్లల నిద్ర, మీ అమ్మగారి విశ్రాంతి, పిల్లల సాధన అన్నీ ఒకే గోడల మధ్య సర్దుకోవాలి కదా. హెడ్‌ఫోన్స్‌లో వింటే అది అసలు సంగీతం కాదన్న చిన్నచూపు అక్కర్లేదు. మెటాలికా అనే రాక్ బృందం 2013 డిసెంబరులో అంటార్కిటికాలో కచేరీ చేసినప్పుడు అక్కడి ప్రకృతికి భంగం కలగకుండా వేదిక మీద లౌడ్‌స్పీకర్లే పెట్టలేదు. ప్రేక్షకులందరూ హెడ్‌ఫోన్స్‌లోనే విన్నారు.

అయితే హెడ్‌ఫోన్స్ విషయంలో మీరు కొంచెం గట్టిగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల చెవులకు సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 75 డెసిబెళ్లు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. కొలిచే సాధనం మీ దగ్గర ఉండదు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. చేయి చాచితే అందేంత దూరంలో నిలబడి మామూలు గొంతుతో పిలవండి. అసలేమీ వినపడలేదంటే మోత ఎక్కువైనట్టు. వాయించడం ఆపాక చెవుల్లో గుయ్‌మని మోగుతోందని పిల్లలు ఎప్పుడైనా అంటే తేలిగ్గా తీసుకోకండి. పోయిన వినికిడి తిరిగి రాదు. సంగీతం నేర్చుకునే పిల్లలకు అంతకంటే పెద్ద నష్టం లేదు.

పెట్టెలో ఇంకో మేలు కూడా ఉంది, దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. ట్యూనర్, డ్రమ్స్ తాళం, లూపర్ చాలావరకు అందులోనే వస్తాయి. లూపర్ అంటే పిల్లలు వాయించిన నాలుగు కార్డ్స్‌ను రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే ఏర్పాటు. చిన్న పెట్టెల్లో దాని నిడివి అర నిమిషం దాకా ఉంటుంది. దాని మీద తానే తోడు వాయించుకోవచ్చు. ఎవరితో వాయిస్తారన్న రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ పనికొస్తుంది: బ్యాండ్ లేని ఊళ్లో ఒంటరిగా నేర్చుకునే పిల్లలకు ఇది తోడుగా ఉంటుంది. లయ ఎక్కడ జారుతోందో ఏ గురువూ పట్టిచూపనంత స్పష్టంగా పట్టిచూపిస్తుంది. పాఠంలో నేను వంద సార్లు చెప్పినా ఎక్కనిది లూపర్‌తో వారంలో ఎక్కుతుంది.

ఇంత చెప్పాక పెట్టెలోని ప్రమాదం కూడా చెప్పాలి. అది ప్రీసెట్లలో ఉంది. కంపెనీ ముందే తయారుచేసి పెట్టిన ఆ శబ్దాలను ఒక్కొక్కటే మార్చి వింటూ పోతే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి, వేళ్లు మాత్రం ఏమీ నేర్చుకోవు. పైగా ఆ శబ్దాల్లో చాలావాటిని దుకాణంలో నిలబడ్డవాళ్లను ఆకట్టుకోవడానికి తయారుచేస్తారు. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే మారుమోత), డిలే (ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించడం) దిట్టంగా దట్టించి ఉంటాయి. గదంతా మారుమోగే ఆ శబ్దంలో సరిగ్గా నొక్కని తీగ, ఆలస్యమైన మీటు రెండూ దాక్కుంటాయి. పిల్లలకు తాము బాగా వాయిస్తున్నామనిపిస్తుంది. మీకూ అలాగే అనిపిస్తుంది. మీకు సంగీతం రాకపోయినా దీన్ని కనిపెట్టవచ్చు. "ఇప్పుడు వాయించిందే ఎఫెక్ట్స్ అన్నీ తీసేసి ఒకసారి వాయించమ్మా" అని అడగండి. పాట పాటగానే నిలబడితే సాధన సరైన దారిలో ఉన్నట్టు. ముక్కలైపోతే ఆ మాట మీరు అనక్కర్లేదు, పిల్లలకే వినపడుతుంది. పరీక్ష పెడుతున్నట్టు అడగకండి. వినాలని ఉండి అడగండి.

నా శిష్యుల ఇళ్లలో నేను పెట్టే నియమం చిన్నది. పెట్టె కొన్న మొదటి మూడు నెలలు మూడే శబ్దాలు. ఒకటి ఏ హంగూ లేని క్లీన్. రెండోది కొంచెం ఓవర్‌డ్రైవ్, అంటే మెత్తటి డిస్టార్షన్. మూడోది సోలోకు పనికొచ్చేలా కాస్త ఎక్కువ డ్రైవ్, కాస్త డిలే. ఆ మూడూ ప్రీసెట్ల నుంచి ఎత్తుకురాకుండా ఖాళీ పేజీ నుంచి తామే కట్టుకోవాలి. ఏ నాబ్ తిప్పితే ఏమవుతుందో చెవితో తెలుసుకుంటూ కట్టుకున్న ఆ మూడు శబ్దాలే వాళ్లకు అసలు చదువు. మిగిలిన వందలాది శబ్దాలు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు విడి పెడళ్ల పక్షాన మాట్లాడతాను. మనస్ఫూర్తిగానే మాట్లాడతాను, ఎందుకంటే నారింజ రంగు డబ్బీ దగ్గర నిలబడిపోయిన ఆ పిల్లవాడి మనసు నాకు అర్థమవుతుంది.

ఆ నారింజ డబ్బీ బహుశా బాస్ డీఎస్-1 అయి ఉంటుంది. 1978లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. దాని మీద ఉండేవి మూడే నాబ్‌లు: టోన్, లెవెల్, డిస్టార్షన్. మెనూలు లేవు, తెర లేదు. వంగి తిప్పితే శబ్దం మారుతుంది, అంతే. చేతికీ చెవికీ మధ్య అడ్డు ఏదీ ఉండదు. ఒక్క పెడల్‌తో ఆరు నెలలు గడిపిన పిల్లలకు ఆ శబ్దం గురించి తెలిసినంత, వంద శబ్దాలను పైపైన తడిమినవాళ్లకు తెలియదు. గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ను తగ్గిస్తే డిస్టార్షన్ ఎలా మెత్తబడుతుందో, గట్టిగా మీటితే ఎలా రగులుతుందో వాళ్లు వేళ్లతోనే కనిపెడతారు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాళ్ల దగ్గర ఉన్నవి ఒక వా-వా, ఒక ఫజ్ ఫేస్, ఒక యూనీ-వైబ్ అనే మూడు పెడళ్లు మాత్రమే. ఆయన చేతిలో ఆ మూడింటి నుంచి వచ్చినన్ని రంగులు మరెవరి దగ్గరా వినలేదంటాను.

మన్నిక మాటకొస్తే పెడలే గెలుస్తుంది. గట్టి లోహపు డబ్బీ, లోపల సాదా సర్క్యూట్. జాక్ వదులైతేనో స్విచ్ పోతేనో ఊళ్లో ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషి కూడా చాలావరకు బాగుచేయగలడు. పదేళ్ల తరువాత అమ్మినా కొనేవాళ్లుంటారు. డిజిటల్ పెట్టె సంగతి ఫోన్ల సంగతిలాంటిదే: కొత్తది వస్తే పాతదాని విలువ పడిపోతుంది, లోపల బోర్డు పోతే కంపెనీ సర్వీస్ దాకా వెళ్లాలి. వేదిక మీద ఇంకో తేడా తెలుస్తుంది. మూడు పెడళ్లలో ఒకటి మొరాయిస్తే దాన్ని తప్పించి కేబుల్ కలుపుకుని పాట ముగించవచ్చు. పెట్టె ఆగిపోతే అన్నీ ఆగిపోతాయి. అయితే పాట మధ్యలో శబ్దమంతా ఒక్క నొక్కుతో మార్చాల్సి వచ్చినప్పుడు పెట్టే సుఖం. అదే పని విడి పెడళ్లతో చేయాలంటే మూడు నాలుగు చోట్ల వరసగా తొక్కాలి.

ధరలు రోజురోజుకూ మారతాయి కాబట్టి అంకెలు చెప్పను, లెక్క వేసే తీరు చెబుతాను. మూడు పెడళ్లు కొంటే వాటి మధ్య రెండు చిన్న కేబుళ్లు, అటూ ఇటూ రెండు పొడవాటి కేబుళ్లు కావాలి. మూడింటికీ కరెంటు కావాలి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసుకట్టుగా ఇచ్చే వైరు చవకే. కానీ ఆ గొలుసులో డిజిటల్ డిలే లాంటిది ఒకటి చేరిందంటే సన్నటి కూత మొదలయ్యే అవకాశం ఉంది. దేనికి దానికి విడిగా కరెంటిచ్చే పవర్ సప్లై కొంటే దాని ధరే ఇంకో పెడల్ ధర అవుతుంది. బిగించుకోవడానికి బోర్డు, మోసుకెళ్లడానికి సంచి. వీటన్నిటి చివర మంచి ఆంప్. ఈ చిట్టా అంతా రాసుకుని, కింద కూడిక వేసి, ఆ కాగితాన్ని పిల్లల ముందు పెట్టి మాట్లాడండి. "డబ్బుల్లేవు" అన్న మాట వాళ్లకు గోడలా తగులుతుంది. లెక్క చూపిస్తే వాళ్లూ మీ పక్కన కూర్చుని ఆలోచిస్తారు. ఏది ఇప్పుడు, ఏది వచ్చే ఏడాది అని వాళ్లే విడదీసి చెబుతారు.

అనలాగ్ శబ్దానికి, అంటే కంప్యూటర్ లెక్కలు లేని సాదా సర్క్యూట్ శబ్దానికి, వెచ్చదనం ఉంటుంది, డిజిటల్ చల్లగా ఉంటుంది అని పిల్లలు వాదిస్తారు. ఇందులో కొంత నిజం ఉంది, చాలా అతిశయోక్తి ఉంది. విడి పెడళ్లన్నీ అనలాగ్ అనుకోవడమే పొరపాటు. 1980ల నుంచీ డిలే పెడళ్లలో డిజిటల్ చిప్‌లున్నాయి, ఇప్పటి రివర్బ్ పెడళ్లలో చాలావరకు లోపల ఉన్నది కంప్యూటరే. ఓవర్‌డ్రైవ్, ఫజ్ విషయంలో మాత్రం వేలికి పలికే తీరు అనలాగ్ పెడల్‌లో బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను, అందులోనూ చవక పెట్టెలతో పోల్చినప్పుడు. కానీ నేర్చుకునే దశలో, హెడ్‌ఫోన్స్‌లో, లేదా నలుగురు కలిసి వాయించే చోట ఆ తేడా పిల్లల సంగీతాన్ని ఆపేటంత పెద్దది కాదు. మన ఇళ్లలో తంబూరా స్థానంలోకి ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, తరువాత ఫోన్‌లో యాప్ వచ్చాయి. తంబూరా నాదం వాటిలో లేదని తెలిసిన గాయకులు కూడా వాటితోనే రోజూ సాధన చేస్తున్నారు, కచేరీకి తంబూరా శ్రుతి చేసుకుంటున్నారు. గిటార్ పిల్లలు కూడా చివరికి అక్కడికే చేరతారు: పెట్టె సాధనకూ ప్రయాణానికీ, తమకు ప్రాణమైన ఒకటో రెండో శబ్దాలకు విడి పెడళ్లు.

అందుకే నేను చెప్పే వరస ఇది. గిటార్ మొదలుపెట్టి ఆరు నెలలు కూడా కాకపోతే ఇంకా ఏదీ వద్దు. ఆ డబ్బుతో గిటార్‌కు కొత్త తీగలు వేయించి, తీగల ఎత్తు సరిచేసే సెటప్ చేయించండి. తీగలు ఫ్రెట్ల నుంచి బాగా ఎత్తుగా ఉన్న గిటార్ మీద లేత వేళ్లు ఎంత నొప్పి పడతాయో మనకు కనపడదు. చాలామంది పిల్లలు వాయించడం మానేసేది ఆ నొప్పి వల్లనే. ఆ తరువాత చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె. దానితో ఒక ఏడాది గడిచేసరికి పిల్లలు ఏ శబ్దాలకు పదేపదే తిరిగి వస్తున్నారో, అంటే మన మూడో ప్రశ్నకు జవాబు, తెలిసిపోతుంది. మీ అమ్మాయి ఎప్పుడూ ఓవర్‌డ్రైవ్ దగ్గరే ఉంటోందనుకోండి, అప్పుడు మంచి ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి కొని పెట్టెకు ముందు కలపండి. అలా కొన్న పెడల్ మూలన పడదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఇంట్లో ఇప్పటికే మంచి ఆంప్ ఉండి, పక్కవాళ్లకు ఇబ్బంది లేని ఇల్లయి, పిల్లలు తెరలూ మెనూలూ అంటే విసుక్కునేవాళ్లయితే మొదటే ఒక పెడల్ కొనడం మంచిది. ఒక్కటే కొనండి.

తెరల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రోజంతా ఫోన్‌తో, ఆన్‌లైన్ క్లాసులతో గడిపే పిల్లలకు వాద్యం దగ్గర కూడా ఇంకో తెర ఎందుకని కొందరు తల్లులు అడిగారు. చాలా మంచి ప్రశ్న. పెట్టె కొన్నా సరే, దాన్ని ముట్టుకోకుండా గిటార్ మాత్రమే వాయించే కొంత సమయం రోజూ ఉండేలా చూడండి. ఆంప్ లేకుండా వాయిస్తే వేళ్ల చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. సాధనకు అది ఎంతో మేలు చేస్తుంది.

ఇక భద్రత. ఇది చదివి మిగతాదంతా మరిచిపోయినా నాకు బాధ లేదు. గిటార్ తీగలు లోహం, అవి కేబుల్ ద్వారా ఆంప్ ఎర్త్‌తో కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా లేనిచోట ఒక చేత్తో తీగలు పట్టుకుని మైక్‌ను తాకితే కరెంటు ఒంట్లోంచి పోతుంది. స్టోన్ ది క్రోస్ అనే బృందంలోని గిటారిస్టు లెస్లీ హార్వీ 1972లో స్వాన్సీలో వేదిక మీదే అలా ప్రాణం పోగొట్టుకున్నాడు. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల సాకెట్‌లో ఎలాగో దూర్చడం మన ఇళ్లలోనూ పందిళ్లలోనూ మామూలైపోయింది. దయచేసి మీ పిల్లల గదిలో ఆ పని చేయనివ్వకండి. ఒకసారి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గది సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించండి. బయట వాయించేటప్పుడు గిటార్ సామాను, మైక్ మిక్సర్ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకునేలా అడగమని పిల్లలకు చెప్పండి. తీగల మీద వేళ్లకు జిల్లుమని తగిలితే పాట మధ్యలోనైనా సరే, ఎవరేమనుకున్నా సరే, గిటార్ కింద పెట్టేయమని చెప్పండి. ఆర్కెస్ట్రాలో పెద్దవాళ్ల మధ్య వాయించే పిల్లలు మొహమాటపడి ఊరుకుంటారు. ఆ మొహమాటం పోవాలంటే ఇంట్లో మీరు ముందే చెప్పి ఉండాలి.

డబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట అనకుండా ఉంటే బాగుంటుంది: "ఇంటర్‌లో ఇన్ని మార్కులు వస్తే కొనిస్తా." మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాటతో పెడల్ ఒక కూలిగా మారిపోతుంది, మార్కులు రాని ఏడాది సంగీతం శిక్షలో భాగమవుతుంది. పదో తరగతి, ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షల ఒత్తిడిలో రోజుకు అరగంట గిటార్ పట్టుకునే పిల్లలకు ఆ అరగంట ఊపిరిలాంటిది. చదువు వేరు, ఇది వేరు అని విడిగా ఉంచండి. కొనగలిగితే కొనండి, కొనలేకపోతే ఎప్పుడు కొనగలరో నిజం చెప్పండి. చెప్పిన నెలకు మాట నిలబెట్టుకోండి. అమ్మాయి అడిగినా అబ్బాయి అడిగినా ఒకే జవాబు ఉండాలి. అబ్బాయి అడిగితే ఉత్సాహమని, అమ్మాయి అడిగితే మోజని అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు గిటార్ వెంట తీసుకెళ్లండి, అక్కడి ఖరీదైన గిటార్‌తో వినిపించే శబ్దం మీ ఇంట్లో రాదు. పిల్లలు ఇంట్లో వాడే హెడ్‌ఫోన్స్ కూడా తీసుకెళ్లండి. ముందు క్లీన్ శబ్దం వినిపించమనండి. అది బాగోకపోతే మిగతావి వినక్కర్లేదు. పెట్టె కొంటుంటే యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి నేరుగా రికార్డు అవుతుందా అని అడగండి. కొన్నింటిలో ఆ జాక్ సెట్టింగులు మార్చడానికి మాత్రమే పనికొస్తుంది. అడాప్టర్ డబ్బాలోనే వస్తుందా, విడిగా కొనాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. పెడళ్లలో చాలావరకు తొమ్మిది వోల్టులే కోరతాయి, కానీ వాటికి మధ్య పిన్ను నెగటివ్‌గా ఉండాలి. ఇంట్లో ఉన్న రూటర్ అడాప్టర్లో కీబోర్డ్ అడాప్టర్లో అది తిరగబడి ఉండొచ్చు. తప్పుది తగిలిస్తే పెడల్ కాలిపోవచ్చు. గిటార్ సామాను అడాప్టర్లకు రంగు టేపు చుట్టి విడిగా ఉంచమని పిల్లలకు చెప్పండి. పెడల్‌లో బ్యాటరీ వేసి వాడుతుంటే వాయించడం అయ్యాక గిటార్ కేబుల్ దాని నుంచి తీసేయాలి. కేబుల్ తగిలించి ఉన్నంతసేపు, స్విచ్ ఆపేసి ఉన్నా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. బిల్లు, అట్టపెట్టె దాచండి. ఏడాది తరువాత అమ్మి ఇంకోటి కొనుక్కోవాలనుకున్నప్పుడు ఆ రెండూ ఉంటే మంచి ధర వస్తుంది.